దొంగజుట్టు ఆత్మకథ

నేనొక విగ్గుని. బంగారు రంగు, భుజాల మీద వాలే జుట్టు, నుదుటి మీద బొద్దుగా చుట్టిన ముంగురులు. ఇంత చెప్పినా నా రంగు మీరెవరూ చూసి ఉండరు. నేను నటించిన ఒకే ఒక్క సినిమాని బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. అదీ 1981లో!

నాకో పెద్దక్క ఉంది. 1944లో బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’లో బార్బరా స్టాన్విక్ నెత్తినెక్కి కూర్చుంది. మొగుణ్ణి చంపించే ఆడదాని వేషం అది. విగ్గు చూసిన స్టూడియో పెద్దమనిషి ఒకాయన, హీరోయిన్‌కి డబ్బులిస్తే జార్జ్ వాషింగ్టన్ వచ్చి నిలబడ్డాడేమిటని వాపోయాడట. వైల్డర్ మాత్రం ఆ చవకబారుతనమే కావాలన్నాడు. మనిషి నకిలీదని జుట్టే పట్టివ్వాలి కదా. అంటే మాది నకిలీ వంశం. నేను నకిలీకి నకిలీని.

నన్ను తెచ్చింది స్టీవ్ మార్టిన్ నెత్తికి. సినిమా ‘డెడ్ మెన్ డోంట్ వేర్ ప్లెయిడ్’, దర్శకుడు కార్ల్ రైనర్. మార్టిన్ అందులో రిగ్బీ రియర్డన్ అనే ప్రైవేటు డిటెక్టివ్. కథంటారా, చీజ్ మీద ప్రయోగాలు చేసే శాస్త్రవేత్త పోతాడు, ఆయన కూతురు అందంగా ఉంటుంది, చివర్లో నాజీలు దిగుతారు. అంతకంటే చెప్పను, చెప్పినా తలా తోకా దొరకదు. అసలు తమాషా వేరే ఉంది. రిగ్బీతో మాట్లాడేవాళ్లలో చాలామంది పాత నేర సినిమాల్లోంచి కత్తిరించి అతికించిన ముక్కలు. హంఫ్రీ బోగార్ట్ ఆయనకి అసిస్టెంటు! బోగార్ట్ 1957లోనే పోయాడు. తెర మీద చూస్తే ఆ సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

ఇక నా వంతు. వాల్టర్ నెఫ్ అనే ఓడ యజమాని గుట్టు లాగాలి. బంగారు జుట్టు ఆడవాళ్ల కోసం సూపర్‌మార్కెట్లు పట్టుకు తిరగడం అతగాడి బలహీనత. రిగ్బీ తనకి తెలిసిన ఆడవాళ్లని అడిగి చూశాడు. ఎవరూ కలిసిరాలేదు. చివరికి తనే ఆడవేషం కట్టి నన్ను పెట్టుకున్నాడు. ఆ నెఫ్ ఎవరనుకున్నారు? మా అక్క వల్లో పడ్డ ఫ్రెడ్ మెక్‌ముర్రే! అదే మనిషి, అదే టోపీ.

షూటింగులో నా ఎదుట మెక్‌ముర్రే లేడు. 37 ఏళ్ల నాటి ఆయన నీడ ఫిల్ము ముక్కలో ఉంది. అందులో వెలుగు ఏ పక్క నుంచి పడిందో, నీడ ఎంత చిక్కగా ఉందో చూసుకుని కెమెరామన్ మైకేల్ చాప్‌మన్ లైట్లు పెట్టించాలి. కాస్త తేడా వస్తే అతుకు బయటపడుతుంది. విచిత్రమేమిటంటే, మెక్‌ముర్రే అప్పటికి బతికే ఉన్నాడు. కానీ వీళ్లకి కావలసింది 1944 నాటి మెక్‌ముర్రే. ఖాళీ చోటు వైపు చూస్తూ మార్టిన్ వయ్యారం పోతున్నాడు. లైట్ల వేడికి నా జాలీ కింద చెమట. మనిషి మొహంలో మాత్రం నవ్వు జాడ లేదు. ఆయన ఫక్కున నవ్వి ఉంటే నేను ఉత్త పగటివేషం జుట్టునయ్యేదాన్ని.

దుస్తులు ఈడిత్ హెడ్‌వి. ఇంటిపేరు హెడ్, పని మెడకి కింద. ఎనిమిది ఆస్కార్లు పుచ్చుకున్న మనిషి. ఆనాడు స్టాన్విక్‌ని ముస్తాబు చేసిందీ ఆవిడే, ఈనాడు మార్టిన్‌ని ముస్తాబు చేసిందీ ఆవిడే. సంగీతం మిక్లోష్ రోజా, అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే. అందుకే మా సినిమాని ఎవరైనా వెక్కిరింత అంటే నా జుట్టు నిక్కబొడుచుకుంటుంది. పెళ్లింట్లో వియ్యాలవారు ఆడుకునే వేళాకోళం ఇది, పరాయివాళ్లు ఆడేది కాదు.

ఈడిత్ హెడ్ 1981 అక్టోబరులో పోయింది. సినిమా 1982 మేలో విడుదలైంది, చివర్లో ఆవిడకి అంకితమిస్తూ. ఆవిడకిదే ఆఖరి సినిమా, రోజాకీ ఇదే. నాకైతే మొదటిదీ ఆఖరుదీ కూడా. నా సీను తీసిన రోజు పని కాగానే మార్టిన్ నన్ను ఊడదీసి హాయిగా తల గోక్కున్నాడు. హడావిడిలో ఒక పిన్ను తియ్యడం మరిచారు. ఇప్పటికీ ఎడమ చెవి పక్కన అది అలాగే గుచ్చుకుని ఉంది.