అందిన ద్రాక్షా పుల్లనేనట!

ఆరు యూరోల సీసాకీ అరవై యూరోల సీసాకీ తేడా ఎక్కడుందని ఫ్రెంచి వైన్ పండితుణ్ణి అడగండి. నాలుక మీద అంటాడు. ఆయన రాసిన సమీక్షలు నాలుగు వరసపెట్టి చదవండి. తేడా అంతా విశేషణాల్లో ఉందని తేలిపోతుంది. పెద్ద తోట పేరున్న బోర్దో ఎరుపుకి గాంభీర్యం, లోతు, పొరలు పొరలుగా విచ్చుకునే పరిమళం. దక్షిణాన కోర్బియేర్‌లో పండిన ఆరు యూరోల ఎరుపుకి మాత్రం "సరళం, నిజాయితీ గలది, రోజువారీ భోజనానికి ఫర్వాలేదు". కుర్రాడికి ఉద్యోగం లేనప్పుడు పెళ్లిళ్ల పేరయ్య "బుద్ధిమంతుడండీ" అంటాడే, అదీ ఆ నిజాయితీ!

తెల్లవైన్ దగ్గర భాష ఇంకా ముదురుతుంది. సోవిన్యోఁ బ్లాఁ రకంలో పిల్లి ఉచ్చ వాసన ఉంటుందనేది ఫ్రాన్సు అంటే గిట్టనివాళ్లు కాదు, సాక్షాత్తూ ఫ్రెంచి వాళ్లే. లువార్ లోయలోని సాన్సేర్‌లో చెకుముకిరాయి కూడా తగులుతుందట. ఆ రాయిని ముందుగా నాకి చూసిపెట్టిన మహానుభావుడెవరో!

2001లో ఫ్రెడెరిక్ బ్రోషే, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. బోర్దో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఒక తెలుపు, ఒక ఎరుపు ఇచ్చి వాసనలు వర్ణించమన్నారు. తర్వాతి విడతలో అదే తెల్లవైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ముందు పెట్టారు. రేపటి పండితులు దానికి చక్కగా ఎర్రవైన్ మాటలే తగిలించారు. బ్రోషే అంతటితో ఊరుకోలేదు. ఒకే మధ్యరకం బోర్దోని ఒకసారి గొప్ప తరగతి సీసాలోంచి, మరోసారి చవక సీసాలోంచి పోసి రుచి చూపించాడు. గొప్ప సీసాలోది నిండుగా, సమతూకంగా ఉందన్నారు. చవక సీసాలోది పలచగా, లోపాలతో ఉందన్నారు. ముక్కు మోసపోవడం నేరమేమీ కాదు. అలాంటి ముక్కు పెట్టుకుని వందకి 87 మార్కులు వేయడమే విడ్డూరం. 86 ఎందుకు కాదో, 88 ఎందుకు కాదో ఆ బ్రహ్మకే తెలియాలి.

ఈ జబ్బు పాతదే లెండి. 1855 పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ బోర్దో వైన్లకి తరగతులు కట్టమంటే, అక్కడి దళారులు గ్లాసులు పట్టుకుని చప్పరిస్తూ కూచోలేదు. ఏ తోట సరుకు ఎంతకి అమ్ముడవుతూ వచ్చిందో చూసి, ఎర్రవైన్లని ఐదు తరగతులుగా పేర్చేశారు. ధరను బట్టి తరగతి, ఆ తరవాత తరగతిని బట్టి ధర! తోటల యజమానులు మారారు, హద్దులు మారాయి. 1973లో మూతోన్ రోత్‌షిల్డ్ తోట రెండో తరగతి నుంచి మొదటికి ఎక్కడం తప్ప జాబితాలో చెప్పుకోదగ్గ కదలిక లేదు.

చవక సీసా కొనేవాడికి ఈ తరగతులు అందవు కనక బంగారు పతకం బొమ్మ అంటించి ఇస్తారు. పోటీకొచ్చిన వైన్లలో మూడో వంతుకి మించి పతకాలు ఇవ్వకూడదని ఫ్రాన్సులో నిబంధన. అబ్బో ఎంత కఠినం అనుకునేరు! ముగ్గురిలో ఒకడికి నిక్షేపంగా ఇవ్వొచ్చని దానర్థం. 'షాతో' (కోట) అనే మాటా అంతే. సీసా మీద కోట బొమ్మ ఉన్నంత మాత్రాన తోటలో కోట ఉండనక్కర్లేదు.

చవక ఎరుపులో ఓక్ పీపా తాలూకు వెనిలా సువాసన కనిపెట్టి పరవశించేవాళ్లని చూస్తే మాత్రం నవ్వాగదు. బోర్దో పీపాలో పట్టేది 225 లీటర్లు, అంటే 300 సీసాలు. కొత్త పీపా ఖరీదు వందల యూరోలు. ఐదు యూరోల సీసాలో గాజు, బిరడా, రవాణా, పన్ను, దుకాణం లాభం పోను పీపాకి మిగిలేదెంత? వైన్‌లో ఓక్ చెక్కముక్కలు నానబెట్టడానికి ఐరోపా సంఘం 2006లోనే అనుమతిచ్చింది. మనవాడు మైమరచిపోయిన సంప్రదాయం ఆ చెక్కపేళ్లదే కావచ్చు.

ఆ ధరలో తప్పు పట్టాల్సింది ఈ వేషాన్నే. పెద్దింటి పోకడలు పోయే చవక బోర్దో కంటే, తన పులుపుని దాచుకోని తెలుపు వెయ్యి రెట్లు నయం. నాంత్ దగ్గరి ముస్కాదే, మధ్యధరా ఒడ్డున పండే పిక్‌పూల్ ద పినే కొత్త పీపాల జోలికి పెద్దగా పోవు. పుల్లగా, రవ్వంత ఉప్పదనంతో ఆయిస్టర్ల పక్కన దర్జాగా నిలబడతాయి. మంచి ముస్కాదేని ఈస్ట్ మడ్డి మీదే చలికాలమంతా ఉంచుతారు కాబట్టి కాస్త ఒళ్లు కూడా చేస్తుంది. ఎరుపే కావాలంటే గ్రెనాష్, కారిన్యాన్ పండే దక్షిణానికి దిగి, సీసాని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తాగితే సరి. (అదే సీసా సుంకాలు మోసుకుంటూ హైదరాబాద్ స్టార్ హోటల్‌కి చేరితే దానికీ గాంభీర్యం వచ్చేస్తుంది, అది వేరే కథ.)

ఈ విశేషణాల రాజ్యంలో విశేషణం దక్కని రైతు సంగతి ఎవరికీ పట్టదు. తాగేవాళ్లు తగ్గి, సరుకు మిగిలిపోయి, 2023లో ఫ్రాన్సు ప్రభుత్వం 20 కోట్ల యూరోలు కేటాయించి మరీ అమ్ముడుపోని వైన్‌ని బట్టీ పెట్టించింది. శానిటైజర్లకీ సెంట్లకీ పనికొచ్చే ఆల్కహాల్‌గా మార్పించింది. అలా పోయింది ఎక్కువగా బోర్దో, లాంగ్‌డాక్ ప్రాంతాల మామూలు సరుకే. కాబట్టి సమీక్షక మహాశయులారా, ఈసారి సీసాకి పాత న్యూస్‌పేపరు చుట్టి రుచి చూడండి. మార్కులు వేసి సంతకం పెట్టాకే ఆ పేపరు విప్పండి.