రేయైన లేకుండ: ఒక ఏపీఐ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

తాళచెవిని దాచి, తగు గడువు నమర్చి,
మాట రాని యెడల మరల నడిగి,
రెండుసార్లు కోత రేయైన లేకుండఁ
జూచి పనికి దింపు సుజనుఁ డెపుడు.

తాత్పర్యం: బుద్ధిమంతుడు రహస్య కీని భద్రపరిచి, టైమౌట్ పెట్టి, జవాబు రాకపోతే మళ్లీ అడిగి, ఎంత రాత్రివేళైనా కస్టమర్ ఖాతాలో ఒకే కొనుగోలుకు రెండుసార్లు డబ్బు కట్ కాకుండా చూసుకొని, అప్పుడే ఏపీఐని ప్రొడక్షన్‌లో పెడతాడు.

అవతారిక: పరాయి సంస్థ ఏపీఐని సొంత సాఫ్ట్‌వేర్‌కు జోడించి, నిజమైన జనం నిజమైన డబ్బుతో వాడే చోట పెట్టేటప్పటి నడవడి ఇందులోని విషయం. ఆ పరాయి సంస్థ పేమెంట్ గేట్‌వే అనడానికి ‘కోత’ అన్న మాటే సాక్ష్యం. ఉదాహరణకు రైలు టికెట్లు అమ్మే యాప్ ఒకటి అనుకుంటే, దానికి సికింద్రాబాద్ తగిన ఊరు. రైల్వే రిజర్వేషన్ల కోసం క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994 సెప్టెంబరులో మొదట అమలైంది ఇక్కడే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. వేరే కేంద్రం లెక్కలో ఉన్న రైలుకు ఇక్కడి కౌంటర్లో బెర్తు అడిగితే, ప్రశ్న అక్కడిదాకా పోయి జవాబుతో తిరిగిరావాలి. దూరపు యంత్రం మాట మీద చేతిలో టికెట్ పెట్టడం ఈ ఊరికి పాత విద్యే.

టీక

తాళచెవిని దాచి: తాళముయొక్క చెవి, షష్ఠీ తత్పురుషం. ఏపీఐ తాళచెవులు రెండు: ఉత్తుత్తి డబ్బుతో పరీక్షించడానికి శాండ్‌బాక్స్ కీ, అసలు డబ్బుకు లైవ్ కీ. మొదటిది ఎవరి చేతిలో పడ్డా నష్టం లేదని కోడ్‌లోనే అతికిస్తారు. ఆ అలవాటు పోకముందే రెండోది వచ్చి అదే చోట కూర్చుంటుంది. గిట్‌లోకి ఒకసారి ఎక్కిన కీని తర్వాత తుడిచినా పాత కమిట్లలో పదిలంగా ఉంటుంది కనుక, దాన్ని రద్దు చేయించి కొత్తది తీసుకోవడమే ప్రాయశ్చిత్తం. లాగ్ ఫైలు కూడా నడివీధే. కార్డు నంబరు ఊసు కవి ఎత్తలేదు, ఎత్తనక్కరలేదు: 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు దాన్ని దాచుకోరాదని రిజర్వు బ్యాంకే కట్టడి చేసింది.

తగు గడువు నమర్చి: ‘తగు’ అనడంలో కవి జాగ్రత్త కనిపిస్తుంది. గడువే పెట్టకపోవడం మొదటి దోషం. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి అడిగి పెడితే తప్ప టైమౌట్ ఉండదు. అవతలి సర్వర్ మూగబోతే ఇవతలి ప్రాసెస్‌లు ఒక్కొక్కటే ఎదురుచూస్తూ నిలబడిపోతాయి, చివరకు డబ్బుతో పనిలేని పేజీలు కూడా తెరుచుకోవు. మరీ కురచ గడువు రెండో దోషం: బ్యాంకు ఓటీపీ పని ముగించేలోపే ఇక్కడ ‘విఫలం’ అని రాసేస్తారు.

మాట రాని యెడల మరల నడిగి: ‘మాట రాని యెడల’ అన్నాడే గాని ‘కాదన్న యెడల’ అనలేదు. 400ల వరుస ఎర్రర్ వస్తే తప్పు అడిగినవాడిదే, అదే ప్రశ్న వందసార్లు వేసినా అదే జవాబు. ‘మెల్లగా అడుగు’ అనే 429 లాంటివి మినహాయింపు. 500ల వరుసకైతే మళ్లీ అడగవచ్చు, కానీ ఒక సెకను, రెండు, నాలుగు అని ఎడం పెంచుతూ, ఆ ఎడాన్ని కాస్త అటూ ఇటూ చెదరగొట్టి అడగాలి. ఉదయం 10 గంటలకు ఏసీ తత్కాల్ తెరుచుకున్న నిమిషాన్ని తలచుకుంటే కారణం బోధపడుతుంది. అందరూ ఒకే లయలో మళ్లీ అడిగితే, కోలుకుంటున్న సర్వర్ మళ్లీ పడిపోతుంది.

రెండుసార్లు కోత రేయైన లేకుండఁ జూచి: పద్యానికి ప్రాణం ఇక్కడుంది, తక్కిన మూడు పాదాలూ దీనికి పరిచారికలు.

పూర్వపక్షం: జవాబు రాలేదంటే పని జరగలేదనే కదా, మళ్లీ అడిగితే దోషమేమిటి?

సిద్ధాంతం: మౌనం అర్ధాంగీకారం. ప్రశ్న దారిలో పోయిందో, గేట్‌వే డబ్బు తీసుకున్నాక జవాబు దారిలో పోయిందో అడిగినవాడికి తెలియదు. రెండో సందర్భంలో మళ్లీ అడిగితే తిరుపతి టికెట్‌కు రెండుసార్లు డబ్బు పోతుంది. కాబట్టి కొనుగోలుకో ఆర్డర్ నంబరు పుట్టించి, పిలుపుకు ముందే డేటాబేస్‌లో రాసి, ఎన్నిసార్లు అడిగినా అదే నంబరుతో అడగాలి. ఆ నంబరు మీద ఒకసారి తీసుకున్నవాడు రెండోసారి తీసుకోడని గేట్‌వే ఒప్పందంలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే మొదట స్టేటస్ అడిగి, తర్వాతే డబ్బు అడగాలి.

గేట్‌వే తానై పంపే వెబ్‌హుక్‌కూ ఇదే న్యాయం. అది ఒకే వార్తను రెండుసార్లు మోసుకురావచ్చు, వెనకది ముందు తేవచ్చు, దాని వేషంలో మరొకరు రావచ్చు. సంతకం సరిచూడనిదే లోపలికి రానివ్వరాదు. ఇంత చేసినా రోజూ గేట్‌వే సెటిల్మెంట్ ఫైలును సొంత లెక్కతో పోల్చక తప్పదు. డబ్బు కట్టై, వ్యాపారికి కన్‌ఫర్మేషన్ అందని యూపీఐ చెల్లింపు 5 రోజుల్లోపు వెనక్కి రావాలనీ, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారమనీ 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్. సర్క్యులర్ సంగతి తెలియని ప్రయాణికుడు మాత్రం ముందు హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేస్తాడు.

‘రేయైన’కు ‘రేడైన’ అని పాఠాంతరం చెప్పవచ్చు. కోత పడినవాడు రాజైనా సరే అని అప్పుడు అర్థం. గణాలు చెడవు, యతి చెడదు, కానీ నీతి చెడుతుంది: రాజుగారి డబ్బు ఎలాగూ వెంటనే వెనక్కి వస్తుంది. ‘రేయి’ పాఠమే గ్రాహ్యం.

పనికి దింపు: దింపడమంటే ఒక్కసారిగా తోయడం కాదు. లైవ్ కీతో ఒక్క రూపాయి చెల్లించి, అది రీఫండై వచ్చేదాకా చూసి, ఆపై కొద్దిమంది వాడుకరులకు తెరవాలి. వెనక్కి తీసే స్విచ్ చేతిలో ఉండాలి. ప్రొడక్షన్ సర్వర్ ఐపీని గేట్‌వే దగ్గర నమోదు చేయించడం అధ్యాహారం. శాండ్‌బాక్స్‌లో దాని అవసరం రాకపోతే లైవ్ రోజు దాకా ఎవరికీ గుర్తుకు రాదు.

సుజనుఁ డెపుడు: ‘ఎపుడు’ పాదపూరణం కాదు. ప్రొడక్షన్‌లో పెట్టిన తర్వాత కూడా అని అర్థం. పాత వెర్షన్ ఆపేస్తున్నామని గేట్‌వే పంపే మెయిలు, ఖాతా తెరిచిన రోజు ఇచ్చిన చిరునామాకే వస్తుంది. అది ఉద్యోగం మారిన ఒక ఇంజనీరుది కాకుండా, జట్టంతా చూసే ఉమ్మడి చిరునామా అయి ఉండాలి.