ముప్పై నిండితేనే కువైట్

కుటుంబ బాధ్యతలున్న కార్మికుల కోసం 1981లో జెనీవాలో ఓ ఒప్పందం రాశారు. నంబరు 156. పిల్లల్ని, మంచానపడ్డ పెద్దల్ని చూసుకోవడం ఉద్యోగానికి అడ్డు కాకూడదని, ఆ కారణం చూపి ఎవర్నీ పనిలోంచి తీసెయ్యకూడదని దాని సారం. అంతర్జాతీయ కార్మిక సంస్థలో 1919 నుంచీ సభ్యత్వమున్న మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఇంకా చదువుతున్నట్టున్నారు, తొందరపెట్టకండి.

ఢిల్లీని ఆడిపోసుకోవడం ఎందుకు? మా లంకల ఊరు ఐ.పోలవరం వచ్చి చూడండి, ఒప్పందాన్ని మించిపోయాం. ఈ లంకల ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లల్లో పనికి వెళ్లడం ఎప్పట్నుంచో ఉన్నదే. పదో తరగతి దాటని ఆడమనిషి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని కేంద్రం నిబంధన. రక్షణ కోసమట! 30 నిండేసరికి మా వైపు ఆవిడకి ఇద్దరు పిల్లలు బళ్లో ఉంటారు. అంటే, వదిలేసి వెళ్లడానికి పిల్లలు తయారయ్యేదాకా ఆగమన్నమాట. బాధ్యతలు అడ్డు కాకూడదని జెనీవా అంటే, మనవాళ్లు వాటినే అర్హత చేసిపెట్టారు.

వెళ్లి చేసేదేమిటి? మేడం గారి పిల్లలకి స్నానాలు, అన్నాలు, జోలపాటలు. రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికో సెలవివ్వాలి అని 2015లో కువైట్ చట్టం చేసింది. రాత్రి రెండింటికి లేచి ఏడ్చే పసివాడికి ఆ చట్టం చదివి వినిపించే పనీ ఆవిడదే.

ఇక్కడ ఆవిడ పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఢిల్లీ పెట్టని సంతకం బదులు ముసలమ్మ వేలిముద్ర వేసింది. సెలవు లేదు, జీతం లేదు. వచ్చే పింఛను మనవడి రీఛార్జికి.

సర్కారు ఏమీ చెయ్యలేదనకండి. ఆయ్, అంగన్‌వాడీ ఉందండి! అందులో పిల్లల్ని చూసే టీచరు మాత్రం ఉద్యోగి కాదు, ఇచ్చేది గౌరవ వేతనం. 2023 డిసెంబరులో వాళ్లు సమ్మెకి దిగితే, జనవరిలో వాళ్లపై అత్యవసర సర్వీసుల చట్టం ‘ఎస్మా’ ప్రయోగించారు. జీతం అడిగితే సేవ, పని మానేస్తే అత్యవసర సర్వీసు.

ఇప్పుడు అమరావతి నుంచి కొత్త ముచ్చట: జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని ఇంకా కనండి. ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటల్ని 9 నుంచి 10కి పెంచాలని 2025 జూన్‌లో తీర్మానించిందీ ఈ మంత్రివర్గమే. ఆ పది గంటలూ పోగా పిల్లల్ని పెంచడం ఎప్పుడంటారా? వాళ్ల తిండికీ ఫీజులకీ ఎక్కడ్నుంచి తేవాలంటారా? 30 నిండాక కువైట్ ఉంది కదా.