ముందుకాలు ఎత్తిన మేక

నా పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ రాసిపెట్టలేదు. మేక జాతకం ఎవడు రాస్తాడు? నేను చరిత్రకెక్కింది లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒక ఉక్కు గది లోపల. ఇరవయ్యో శతాబ్దం అప్పుడే మొదలైన రోజులవి. ఆ గదిని లుడ్విగ్ మాండ్ అనే రసాయన పరిశ్రమాధిపతి దానంగా ఇచ్చాడట. మమ్మల్ని లోపలికి తోలి, తలుపు బిగించి, పంపుతో గాలి కూరేవాళ్లు. లోపలున్నంతసేపూ పెద్ద ఇబ్బందేమీ ఉండేది కాదు. కష్టమంతా బయటికొచ్చాకే.

మా యజమాని జాన్ స్కాట్ హాల్డేన్. శ్వాస మీద, గాలి మీద జీవితమంతా పరిశోధించిన మనిషి. ఆయన పక్కన బాయ్‌కాట్ అనే డాక్టరు, డమాంట్ అనే నౌకాదళ అధికారి. సముద్రంలో లోతుకు దిగిన డైవర్లు పైకొచ్చాక కీళ్లు పట్టేసి, కాళ్లు పడిపోయి, ఒక్కోసారి ప్రాణాలే పోగొట్టుకుంటున్నారు. దీనికి మార్గం చెప్పమని బ్రిటిష్ నౌకాదళం అడిగింది. ఎలుకల్లాంటి చిన్న జీవాల్లో రక్తం పరుగులు తీస్తుంది, లోపలి వాయువు ఇట్టే బయటపడుతుంది. ఒడ్డూ పొడుగులో మనిషికి కాస్త దగ్గరగా ఉండి, సులువుగా దొరికే జంతువు కావాలి. ఇంకేం, మా మెడకు తాడు పడింది.

జరిగేది ఇదీ. ఒత్తిడి పెరిగితే, పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలోనూ కండలోనూ కరిగిపోతుంది. కొవ్వులోనైతే నీటికన్నా అయిదింతలు కరుగుతుంది. ఒత్తిడిని ఉన్నట్టుండి తీసేస్తే, గోలీ సోడా కొట్టినప్పటిలా ఒంట్లో బుడగలు లేస్తాయి. (ఆ గోలీ సీసా మీ ఊరిదని మీరనుకుంటారు గానీ, దాన్ని కనిపెట్టింది మా ఇంగ్లండువాడే.) బుడగ కీలు దగ్గర ఇరుక్కుంటే నొప్పి, వెన్నుపాములో ఇరుక్కుంటే పక్షవాతం.

మాకు నోరు లేదు కదా, నొప్పి పుట్టిందని వాళ్లకెలా తెలిసేది? కాలు ఆనించలేక ముందుకాలు ఎత్తి నిలబడేవాళ్లం. అదే వాళ్లకు కొలమానం. అలా కాలెత్తి నిలబడ్డ మేక బొమ్మ 1908లో వాళ్లు ప్రకటించిన పరిశోధన పత్రంలో అచ్చయింది. కొందరం కుంటి ఊరుకున్నాం. కొందరం చచ్చాం.

ఆ కాళ్లను చూసే హాల్డేన్ అసలు కిటుకు పట్టుకున్నాడు. మమ్మల్ని 6 అట్మాస్ఫియర్ల నుంచి 2.6కు గబుక్కున దించితే ఏమీ కాలేదు. 4.4 నుంచి 1కి దించితే మందలో చాలామటుకు అవస్థపడ్డాం. రెండుచోట్లా తగ్గింది 3.4 అట్మాస్ఫియర్లే. ఎంత తగ్గిందన్న దానికన్నా ఎన్నో వంతుకు తగ్గిందన్నదే ముఖ్యమని తేలింది. ఒత్తిడిని సగం చేసినంతవరకు ఫరవాలేదని ఆయన లెక్క కట్టాడు.

అప్పటిదాకా డైవర్లను అడుగు నుంచి పైదాకా ఒకే నెమ్మదితో లాగేవారు. అడుగున నెమ్మదిస్తే ఒంట్లోకి నైట్రోజన్ ఇంకా చేరుతూనే ఉంటుంది. పైన అదే వేగం ఎక్కువైపోతుంది. 30 మీటర్ల నుంచి 20కి వస్తే ఒత్తిడి 4 నుంచి 3కి తగ్గుతుంది. ఆఖరి పది మీటర్లలో మాత్రం ఏకంగా సగమైపోతుంది. అందుకే మొదట చకచకా లేపి, తర్వాత పదేసి అడుగులకు ఆపుతూ, పైకొచ్చేకొద్దీ ఆ ఆగడాన్ని పొడిగించమన్నాడు హాల్డేన్. ఒంట్లో కొన్ని భాగాలు తొందరగా నిండి తొందరగా ఖాళీ అవుతాయి, కొన్ని బద్ధకిస్తాయి. వాటికి వేర్వేరుగా 5, 10, 20, 40, 75 నిమిషాల అర్ధకాలాలు (సగం నిండడానికో సగం ఖాళీ కావడానికో పట్టే సమయాలు) పెట్టుకుని పట్టికలు వేశాడు.

మా మీద తేలింది సముద్రంలో నిలుస్తుందా? 1906లో స్కాట్లండ్‌లోని రోత్‌సే దగ్గర డమాంట్, క్యాటో అనే ఇద్దరు 210 అడుగుల దాకా దిగి క్షేమంగా వచ్చారు. హాల్డేన్ కొడుకు, పదమూడేళ్ల జాక్ కూడా ఒంటికి సరిపోని డైవింగ్ సూటు తొడుక్కుని దిగాడు. లోపలికి నీళ్లు కారాయి. ఆ పిల్లాడే తర్వాత జె.బి.ఎస్. హాల్డేన్ అనే పెద్ద శాస్త్రవేత్తయి, భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆయన తన ఒళ్లు తానే రాసిచ్చాడు. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు, అదొక్కటే తేడా.

డమాంట్ కథ ఇంకా గొప్పది. 1917లో ఐర్లండ్ తీరాన మునిగిన లారెంటిక్ ఓడ నుంచి 3,211 బంగారు కడ్డీల్లో 3,186 ఆయన బృందం పైకి తెచ్చింది, ఏళ్ల తరబడి దిగి, ఒక్క డైవరునూ పోగొట్టుకోకుండా.

పొగడ్తలు చాలు. ఎక్కువసేపు, ఎక్కువ లోతున ఉన్నవాళ్లకు మా పట్టికలు చాలలేదు. తర్వాతివాళ్లు ఆగాల్సిన సమయాన్ని పెంచారు. స్విట్జర్లండ్ వైద్యుడు బూల్‌మన్ అయిదు భాగాల చోట పదహారు పెట్టి లెక్కలు కట్టాడు. ఇవాళ డైవరు మణికట్టు మీదుండే కంప్యూటర్లు చాలామటుకు ఆ లెక్కల వారసులే. ఎంత మెరుగైనా, అది లెక్కే. మీ ఒంటి కొవ్వూ, మీ అలసటా, మీరు తాగిన నీళ్లూ దానికి తెలియవు. ఒకే గదిలో ఒకే ఒత్తిడి తిన్న మేకల్లో ఒకటి కుంటేది, పక్కది గంతులేసేది.

అందుకే ఆ లోతుకు నిర్ణయించిన వ్యవధి దాటకుండా డైవ్ చేసినవాళ్లకు కూడా 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ అన్నారు. ఇది తప్పనిసరి కాదు, సలహా. గాలి అయిపోతున్నా, పక్కవాడికి ప్రమాదమైనా వదిలేసి పైకి రావచ్చు. పట్టిక చెప్పే డీకంప్రెషన్ స్టాప్ అలా కాదు. వ్యవధి దాటినవాడు అక్కడ ఆగితీరాల్సిందే. రెండింటినీ ఒకటనుకునేవాళ్లను చూస్తే నాకు మళ్లీ కాలు సలుపుతుంది.

రుషికొండలోనో అండమాన్‌లోనో కొత్తగా నీళ్లలోకి దిగబోతున్న మీకో మాట. నిమిషానికి 9 మీటర్లకన్నా వేగంగా పైకి రాకండి. చేపలు చూసేశాం కదా అని ఆ మూడు నిమిషాలు ఎగ్గొట్టకండి. విమానంలో కూడా ఒత్తిడి తగ్గుతుంది. వరసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే, ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగాకే విమానమెక్కండి.