‘ఛార్జింగ్ ఎక్కట్లేదు’: టీకా తాత్పర్య సహితము

మూలము: కొత్త ట్యాబు ఛార్జింగ్ ఎక్కట్లేదు.

గోదావరి కుడిగట్టున సారపాకలో సెల్లు కొట్టు కౌంటరు మీద పెట్టె పెట్టి అనే వాక్యమిది. వంతెన దాటి భద్రాచలం పోయినా ఇదే పాఠం, పాఠాంతరం లేదు. మెతుకుసీమ కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టుపెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడికి ఆ ఒట్టు పెట్టుకునే వీలు లేదు. ఎందుకంటే మూలంలో కనిపించే నాలుగు మాటల్లోనూ చాలాసార్లు దోషం ఉండదు. కనిపించని ఐదో మాటలో ఉంటుంది. ఆ మాట ‘వైరు’. దాన్ని అధ్యాహారం చేసుకుంటే తప్ప వాక్యానికి అన్వయమూ కుదరదు, ట్యాబుకు కరెంటూ అందదు. సిద్ధాంతం ముందే చెప్పేశాను కనుక పూర్వపక్షులు గొంతు సవరించుకోవచ్చు.

ముందు ప్రతిపదార్థం. ‘కొత్త’ అనగా కొన్నవాడికి కొత్త. లోపలి బ్యాటరీకి ఈ విశేషణం చెల్లదు. లిథియం అయాన్ సెల్లుకు వయసు బిల్లు రాసిన రోజు నుంచి కాదు, ఫ్యాక్టరీలో పుట్టిన రోజు నుంచి లెక్క. దాన్ని నిండుగా నింపి పంపరు. నిండుగా ఉంచితే తొందరగా ముసలిదవుతుంది, దారిలో ప్రమాదం కూడా. విమానంలో విడిగా పంపే ఇలాంటి బ్యాటరీలో 30 శాతానికి మించి ఛార్జి ఉండకూడదని 2016 నుంచి నియమం ఉంది. అలా అరకొరగా బయల్దేరి, గోడౌనులోనూ కొట్టు అరలోనూ నెలలు గడిపి మన చేతికి వస్తుంది. పైనున్న అట్టపెట్టె మాత్రం కమ్మగా కొత్త వాసన వేస్తుంది. అట్ట సంగతి సారపాకకు ఒకరు చెప్పక్కర్లేదు. 1979లో భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో మొదలై 2002లో ఐటీసీలో కలిసిన ఈ ఊరి మిల్లు చేసేదే ఆ సరుకు. అట్ట నిగనిగ చూసి సెల్లు వయసు కట్టరాదు. ‘ట్యాబు’ స్పష్టం. ‘ఛార్జింగ్’ మన దగ్గర పెట్టేది, ఎక్కేది, దిగేది, అయిపోయేది. అది ఒక పనేమో అన్న అనుమానం ఎవరికీ రాదు, చెంబులో నీళ్లలాంటి వస్తువు.

‘ఎక్కట్లేదు’ దగ్గర కాస్త ఆగాలి. తెలుగులో బస్సు ఎక్కుతాం, విషం ఎక్కుతుంది, చదువు ఎక్కదు. ఎక్కేదానికి ఒక మెట్టు ఉండాలి, కొలిచేందుకు ఒక గేజీ ఉండాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కిందంటే నీళ్లలో నిలబడ్డ కొలబద్ద మీద చూసి చెప్పిన మాట. ట్యాబు తెర మీది శాతం అలాంటిది కాదు. లోపల కొలబద్ద లేదు; వోల్టేజీని, వచ్చిపోయే కరెంటును చూసి ఒక చిప్పు కట్టే అంచనా అది. మెరుపు గుర్తు ఇంకా మోసకారి. వైరు తగిలిందన్నది దాని వాచ్యార్థం. నిండుతోందన్నది మనం ఊహించుకున్న ధ్వని. గుర్తు వెలుగుతూనే శాతం తగ్గడంలో వింతేమీ లేదు. మామూలు కంప్యూటరు పాత యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ పట్టేది సుమారు 18.5 వాట్-అవర్లు. తెర ఆపి ఉంచినా ఏడు గంటలు దాటాలి. తెర వెలిగించి పిల్లవాడు వీడియో చూస్తుంటే వచ్చింది వచ్చినట్టే పోతుంది.

ఇక అన్వయం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వాక్యానికి అర్థం కలగాలంటే మూడు కావాలన్నాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా పలికితే ఒక మాట ఇంకో మాటను కోరదు కనుక ఆకాంక్ష లేదు. నిప్పుతో తడుపు అంటే యోగ్యత లేదు. ‘ఆవును’ అని పొద్దున పలికి ‘తీసుకురా’ అని సాయంత్రం పలికితే సన్నిధి లేదు. గోడలోని ప్లగ్గు, ఛార్జరు, వైరు, ట్యాబు కలిసి చెప్పే వాక్యానికీ ఈ మూడే కావాలి. సన్నిధి లోపం కంటికి కనిపిస్తుంది. కొత్త ట్యాబుకు కొత్త పౌచు తొడుగుతారు, దాని అంచు మందంగా ఉండి వైరు మూతి గోరంత బయటే ఆగిపోతుంది. పౌచు తీసి గుచ్చితే సగం ఫిర్యాదులు అక్కడే తీరాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో వదులైన సాకెట్టూ ఈ కోవలోదే. యోగ్యత లోపానికి పైన చెప్పిన రెండున్నర వాట్లు ఒక ఉదాహరణ, మన ఎండ మరొకటి. మే నెలలో ఈ బొగ్గుసీమలో వేడి 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. లిథియం సెల్లు తన ఒంటివేడి సుమారు 45 డిగ్రీలు దాటాక ఛార్జి తీసుకోకుండా తయారీలోనే కట్టడి చేస్తారు. రేకుల కింద, పరుపు మీద పెట్టిన ట్యాబు మధ్యాహ్నం మొండికేసి రాత్రి దారికి రావడం ఇందువల్లనే. మొండితనం కాదది, ఆచారం.

ఆకాంక్ష లోపమే అసలు రసవత్తరమైనది, సెల్లు కొట్టువాళ్లను కూడా తికమక పెట్టేది. పాత వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రం ఎప్పుడూ 5 వోల్టులు వడ్డించి కూర్చుంటుంది, అడిగినా అడగకపోయినా. కొత్త టైప్-సి ఛార్జరు అలా కాదు. అవతలివాడు ఆకలి అనేదాకా చుక్క విదల్చదు. ఆకలి అనడానికి ట్యాబు లోపల రెండు పిన్నులకు విడివిడిగా 5.1 కిలో ఓముల రెసిస్టర్లు ఉండాలి. ఆవగింజంత సరుకు, పైసల్లో ఖరీదు. చవక యంత్రాల్లో కొందరు ఇక్కడే పొదుపు చేస్తారు. అప్పుడు రెండు వైపులా టైప్-సి మూతి ఉన్న వైరుతో ఆ ట్యాబు ఎక్కదు. ఒక వైపు పాత వెడల్పాటి మూతి ఉన్న వైరుతో హాయిగా ఎక్కుతుంది. చవకవాళ్లే కాదు, 2019లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే పేరుమోసిన చిన్న కంప్యూటరు కూడా రెండు పిన్నులకు ఒకటే రెసిస్టరు పెట్టి పప్పులో కాలేసింది. చిప్పు ఉన్న ఖరీదైన వైరుతో మూగబోయి, మామూలు వైరుతో పలికింది. తయారీదారులు ఒప్పుకొని తర్వాతి బోర్డులో సరిచేశారు. ఛార్జరు మంచిదే, వైరు మంచిదే, సెల్లూ మంచిదే. అయినా వాక్యం కుదరలేదు.

పూర్వపక్షి మొదటి ఆక్షేపం: ‘మా దగ్గర వోల్టేజీ తక్కువ, అందుకే.’ ఫ్యాను నీరసంగా తిరగడం చూసి చేసిన అనుమానమిది, ఛార్జరు విషయంలో చెల్లదు. ఛార్జరు వీపు మీద చీమతలంత అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులని ఉంటుంది. 230 రావలసిన చోట 170 వచ్చినా దానికి నిండు భోజనమే. పక్కనే పాల్వంచలో, మణుగూరులో థర్మల్ కేంద్రాలు పెట్టుకొని కరెంటును ఆడిపోసుకోవడం మనకు సరదా, అంతే. రెండో ఆక్షేపం బలమైనది: ‘ఇదే వైరుతో ఫోను ఎక్కుతోంది, కాబట్టి వైరు నిర్దోషి.’ కాదు. ఫోను తన ఆకలి తాను చెప్పుకోగలదు, ట్యాబు చెప్పుకోలేకపోవచ్చు. పైగా ఫోనుకు చాలిన సన్నవైరు, ఎక్కువ కరెంటు లాగే ట్యాబు దగ్గర వోల్టేజీని దారిలోనే జారవిడుస్తుంది. మూడోది పెద్దల మాట: ‘కొత్తదాన్ని ముందు ఎనిమిది గంటలు పెట్టాలి.’ నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలపు విధి ఇది. 1991లో సోనీ లిథియం అయాన్‌ను బజారుకు తెచ్చాక దానికి ఆధారం పోయింది. సెల్లు సుమారు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, ఛార్జింగ్ తనంతట తాను ఆగుతుంది. అయితే పెద్దల మాటను పూర్తిగా కొట్టేయలేం. ఒకసారి నిండా ఎక్కిస్తే ఆ శాతం కట్టే చిప్పుకు తన అంచనా సరిచూసుకునే అవకాశం దొరుకుతుంది.

నాలుగో ఆక్షేపం: ‘యంత్రమే నాసిరకం కావచ్చుగా? ఆకాశ్ సంగతేమిటి?’ కావచ్చు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలై, మన హైదరాబాదులో తయారైన ఆ చవక ట్యాబులో 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టారు. రెండు మూడు గంటలకే అయిపోతోందని అందరూ విసుక్కున్నారు. కానీ అక్కడి క్రియ వేరు. ఆకాశ్‌కు ఛార్జింగ్ ఎక్కింది, ఆగలేదు. ‘ఎక్కట్లేదు’, ‘ఆగట్లేదు’ పర్యాయపదాలు కావు. మొదటిదానికి వైరు దగ్గర మొదలుపెట్టాలి, రెండోదానికి సెల్లు దగ్గర. ఈ భేదం చెప్పకుండా కౌంటరు మీద పెడితే అక్కడి కుర్రవాడు మాత్రం ఏం చేస్తాడు?

ఒక విశేషం మిగిలింది. గోడౌనులో ఎండిపోయి 3 వోల్టుల కిందికి దిగిన సెల్లుకు ఛార్జింగ్ చిప్పు ఒక్కసారిగా కరెంటు గుమ్మరించదు. లంఖణాలు చేసిన రోగికి గంజి పోసినట్టు, మామూలులో పదో వంతు చొప్పున పోస్తుంది. అరగంట దాకా తెర నల్లగానే ఉండొచ్చు. ఆ అరగంటలో మీట నొక్కి నొక్కి చూస్తే, ఎక్కిన కాస్తా తెర వెలిగించడానికే ఖర్చవుతుంది. పౌచు తీసి, వేరే వైరుతో, ఫోనుది కాని ఛార్జరుతో, చల్లని చోట గంటసేపు ముట్టుకోకుండా ఉంచాక కూడా చలనం లేకపోతే అప్పుడు యంత్రాన్ని అనుమానించడం న్యాయం. వీపు ఉబ్బి కనిపిస్తే మాత్రం ఈ టీకా అంతా వదిలేయండి, ఆ క్షణమే ప్లగ్గు తీయండి.

చాలా వారంటీ కార్డుల్లో ట్యాబుకు ఏడాది, బ్యాటరీకి ఆరు నెలలే ఉంటుంది. ఆలస్యం చేయకండి. కొట్టుకు ట్యాబు ఒక్కటే పట్టుకుపోతే వాళ్ల వైరుతో చక్కగా ఎక్కుతుంది, మీ ఇంటికి వచ్చాక మళ్లీ ఎక్కదు. మీ వైరు, మీ ఛార్జరు, బిల్లు కూడా సంచిలో వేసుకొని వెళ్లండి.