గడువు దాటని సభ

ఎవరూ కంగారు పడకండి, తెలంగాణ అసెంబ్లీకి గడువు దాటలేదు. 2025లో మార్చి 27న లేచిన సభ ఆగస్టు 30న మళ్లీ కూర్చుంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండొద్దన్నది 174వ అధికరణం. ఇంకో నెల మిగిలుండగానే కానిచ్చేశారు, మెచ్చుకోవాలి.

ఇంతకంటే ఆలస్యం చేయొద్దని రాజ్యాంగం అంటే, అంతదాకా అక్కర్లేదని మనవాళ్లకు వినిపించింది. 2022లో మార్చి 15న లేచి సెప్టెంబరు 6న కూర్చున్నారు. 2023లో ఫిబ్రవరి 12న లేచి ఆగస్టు 3న కూర్చున్నారు. కండువాల రంగు మారింది, అలవాటు మారలేదు. మా వైపు క్రాప్‌లోను రెన్యువల్ ఇట్లాగే ఉంటుంది. గడువు ముంచుకొచ్చేసరికి చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టడం, సంతకం పెట్టడం, మళ్లీ తీసుకుని చేబదులు తీర్చడం. కాగితం కొత్తది, బాకీ పాతదే.

రైతుకు వేరే దారి లేక ఆ తిప్పలు. మీకేమైంది? మొదటి రోజు సంతాపం తెలిపి వాయిదా వేశారు. పోయిన సభ్యుడికి ఆ మర్యాద దక్కాల్సిందే, పేచీ లేదు. మిగిలింది ఒక్క ఆదివారం. బీసీ రిజర్వేషన్ల బిల్లులూ, కాళేశ్వరంపై విచారణ కమిషన్ ఇచ్చిన 665 పేజీల నివేదికా ఆ ఒక్క రోజులోనే! అర్ధరాత్రి దాటాక కాళేశ్వరంపై సీబీఐ విచారణ అన్నారు, నిరవధిక వాయిదా అన్నారు, వెళ్లిపోయారు. ఆ వారమే మెదక్, కామారెడ్డి నీళ్లలో మునిగాయి. యూరియా కోసం సొసైటీల ముందు జనం చెప్పులు లైనులో పెట్టి పడిగాపులు కాశారు. ఆ చెప్పులున్నంత సేపైనా సభలో ఉండలేరా? 70 మందికి మించిన సభ ఏడాదికి 90 రోజులు కూర్చోవాలని వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే చెప్పింది. మనది 119 మంది సభ. పైన 40 మంది మండలి కూడా ఉంది, గుర్తుంటే.

సభకు రోజులు లేకపోతే ఏమవుతుందో మా వైపే చూడండి. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. రెండూ కలిపి 4,427 కోట్లు. రెండు వారాలకే బడ్జెట్ సమావేశాలు మొదలయ్యాయి, గవర్నర్ ప్రసంగం లేకుండానే. పాత సమావేశాన్ని లాంఛనంగా ముగించలేదు (ప్రొరోగ్ చేయలేదు) గనక అది కొత్తది కాదట! మంజీర నది మా బోరంచ ఊరి పక్కనుంచే పోతోంది, బసవేశ్వర నీళ్లేవని అడగాలంటే ప్రశ్నోత్తరాలకు ఒక గంట కావాలి. ఆ గంటకు ముందు ఒక రోజు కావాలి. రోజులెన్నని అడిగితే సభా వ్యవహారాల సలహా సంఘం (బీఏసీ) తేలుస్తుందంటారు. బీఏసీ ఎప్పుడయ్యా అంటే, సభ మొదలయ్యాక.