కంది పీకిన తెలివి

పాకాల దగ్గర మా మెట్టలో శ్రీగంధం నాటించినప్పుడు, ప్రతి మొక్క పక్కనా ఒక కంది మొక్క పెట్టమన్నారు. పెట్టించాను గానీ ఎందుకని అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా! కొన్నాళ్ళకు కంది గంధాన్ని మించి ఏపుగా ఎదిగేసరికి నాకు రోషమొచ్చింది. నీళ్ళు పోసేది నేను, ఎరువు వేసేది నేను, తిని బలిసేది కందా? కూలీలను కూడా పిలవకుండా నేనే నడుం వంచి చేనంతా పీకి గట్టున పడేశాను. ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను కూడా.

ఎండలు ముదిరేసరికి గంధం ఆకులు పసుపు తిరిగాయి. యూరియా వేశాను, నీళ్ళు పెంచాను. పురుగుమందు కూడా కొట్టాను, ఏ పురుగుకో నాకే తెలియదు. ఒకనాడు పక్క చేను పెద్దాయన వచ్చి చూసి, "కంది పీకేస్తివా నాయనా? ఇంక అది ఎవురి కాడ తింటాది?" అన్నాడు.

గట్టు వార నా చేతికి చిక్కని కంది మొక్క ఒకటి మిగిలింది. దాని పక్కనున్న గంధం మాత్రం పచ్చగా ఉంది. ఆయన మునివేళ్ళతో మన్ను తీసి చూపించాడు. గంధం వేరు కంది వేరును తగిలిన చోటల్లా తెల్లటి బొడిపె, చిన్న గంటలాగా, గట్టిగా అతుక్కుని ఉంది. లాగితే ఊడి రాలేదు.

గంధానికి ఆకులున్నాయి, ఎండతో చక్కెర చేసుకుంటుంది. సొంత వేళ్ళూ ఉన్నాయి గానీ, వాటితో మాత్రమే పుష్టిగా పెరగలేదు. ఆ బొడిపెల గుండా పక్క చెట్టు వేళ్ళ నుంచి నీళ్ళు, లవణాలు, నత్రజని పీల్చుకుంటుంది. కందికి ఆ నత్రజని ఎక్కడిదంటే, దాని వేళ్ళ బుడిపెల్లో కాపురముండే రైజోబియం బాక్టీరియా గాలి నుంచి పట్టి ఇస్తుంది. ఊరికే కాదు, కంది దానికి చక్కెర పెడుతుంది. అంటే నేను పీకింది గంధం వంటిల్లు. 1871లోనే జాన్ స్కాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గంధం వేళ్ళ గుట్టు కనిపెట్టాడట. నేను చదివింది కామర్స్ లెండి.

ఇంతకన్నా సిగ్గుచేటు మామిడి సంగతి. మా తోతాపురి కొమ్మ మీద వేరే ఆకులతో గుబురుగా పెరిగి, నారింజ రంగు గొట్టాల్లాంటి పూలు పూసేది ఒకటుంటే, అదేదో మహిమ అనుకుని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాణ్ణి. అది బదనిక. కొమ్మలోకి వేరు దించి, చెట్టు నీళ్ళు తాగేస్తుంది. బొటనవేలంత పిట్ట దాని పండు తిని, జిగురు వదలని గింజను మరో కొమ్మకు రుద్ది పోతుంది. ఆ పిట్టలకు చిప్పలతో నీళ్ళు పెట్టింది నేనే. చిత్రమేమంటే, శాస్త్రం లెక్కన గంధమూ బదనికా ఒకే క్రమానికి చెందినవి. అన్నం పెట్టేదాన్ని దొంగ అన్నాను, దొంగకు దండం పెట్టాను.

బదనిక పట్టిన కొమ్మ కొట్టించాను. నీళ్ళ చిప్పలు తీయలేదు, ఆ పిట్టలు పురుగుల్ని కూడా తింటాయి. కంది మళ్ళీ విత్తాను. అది ఎన్నాళ్ళో ఉండదు గనక వరసల మధ్య సరుగుడు, కానుగ పెట్టాను. గంధం చేవ పట్టడానికి పదిహేనేళ్ళయినా పడుతుందంటే, "అందాకా నువ్వేమీ పీక్కుండా ఉంటావా?" అన్నాడు పెద్దాయన.